హిరొషిమలో దీర్ఘం లేదు

ఏటా ఆగస్టు 6 వచ్చిందంటే ఆ పేరు మన పత్రికల్లోనూ టీవీల్లోనూ వినిపిస్తుంది. హిరోషిమా. మూడు రోజులు గడిస్తే నాగసాకి. బడిలో సాంఘిక శాస్త్రం చదివిన రోజుల నుంచీ మన నోటికి అలాగే అలవాటు. మొదటి పేరులో ‘రో’, ‘మా’ దీర్ఘాలు; రెండో పేరులో ‘నా’, ‘సా’ దీర్ఘాలు. ఆ ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లు మాత్రం హిరొషిమ అంటారు, నగసకి అంటారు. రెండింట్లోనూ నాలుగేసి అక్షరాలు, అన్నీ హ్రస్వాలే.

మరి మన నోట్లోకి ఆ దీర్ఘాలు ఎలా వచ్చాయి? జపాన్ నుంచి నేరుగా మన చెవిన పడి ఉంటే ఈ ఇబ్బందే ఉండేది కాదు. మనకు ఎ వేరు, ఏ వేరు. ఒ వేరు, ఓ వేరు. హిందీ రాతలో మామూలుగా కనిపించని ఈ తేడా మన పిల్లలకు అక్షరాభ్యాసం నాటికే వస్తుంది. కానీ ఆ పేర్లు ముందు ఇంగ్లిష్ అక్షరాల్లోకి దిగాయి, ఇంగ్లిష్ నాలుక మీద రూపం మార్చుకున్నాయి, ఆ తర్వాతే మన దాకా వచ్చాయి. అందుకే జపాన్ పేర్లను సరిగ్గా పలకాలనుకునే తెలుగువాళ్లు ముందు ఇంగ్లిష్‌వాళ్లు ఎక్కడ తప్పుతున్నారో చూడటం మంచిది. ఆ తప్పుల్లో సగం మనకు అంటుకున్నవే. తక్కిన సగం మాత్రం, మనం మన భాషను మరిచిపోకుండా ఉంటే, చేయనవసరం లేనివి.

ఇంగ్లిష్‌లో రెండు మూడు అక్షరాల మాట ఏదైనా ఒక చోట ఊనిక పడాల్సిందే. ఊనిక పడిన అచ్చు సాగుతుంది, నిండుగా వినిపిస్తుంది. మిగతా అచ్చులు నలిగి, అదీ ఇదీ కాని పొట్టి శబ్దంగా మిగులుతాయి. అరటిపండును ఇంగ్లిష్‌వాళ్లు ఏమంటారో చెవి పెట్టి వినండి. రాతలో మూడు చోట్లా అదే అచ్చు ఉన్నా, నడిమిది ఒక్కటే నిండుగా పలుకుతుంది. అటూ ఇటూ ఉన్నవి అరిగిపోయినట్టు ఉంటాయి. చివర అచ్చు ఉన్న పరాయి పేరు కంటపడితే వాళ్లు చాలాసార్లు చివరి నుంచి రెండో అక్షరాన్ని నొక్కుతారు. అలా యొకొహమ ‘యోకహామ’ అయింది. హిరొషిమను కొందరు ‘హిరషీమ’ అంటారు, కొందరు రెండో అక్షరం మీద బరువు వేసి ‘హిరోషిమ’ అంటారు. ఏది ఒప్పని వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు కూడా. జపనీస్‌లో ఆ నాలుగు అక్షరాలకూ ఒకటే కాలం. దేన్నీ నొక్కరు, దేన్నీ నలపరు.

కాలం అనే మాటే ఇక్కడ కీలకం. జపనీస్ మాటను కొలిచే కొలతను ఆ భాషలో హకు అంటారు, భాషాశాస్త్రంలో మోరా అంటారు. మనకు దీనికి ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న పేరు మాత్ర. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. గణ విభజన చేస్తూ అక్షరాల నెత్తిన లఘువు, గురువు గుర్తులు పెట్టిన చేతికి జపాన్ పేర్లు సగం వచ్చేసినట్టే. తొడ మీద వేళ్లు తడుతూ చూడండి. తోక్యో: తో రెండు, క్యో రెండు, మొత్తం నాలుగు. జపాన్‌వాళ్లు లెక్కపెట్టినా నాలుగే: తొ, ఒ, క్యొ, ఒ. క్యోతొ: గురువు, లఘువు, మూడు. వాళ్లకూ మూడే. ద్విత్వం ఉన్న పేరు తీసుకుందాం. సప్పొరొ: ‘ప్పొ’ ముందున్న ‘స’ గురువవుతుంది కాబట్టి నాలుగు మాత్రలు, అక్కడా నాలుగే, ద్విత్వానికి ముందు పెదవులు మూసుకుని ఆగే ఆ క్షణాన్ని వాళ్లు విడిగా ఒక మాత్రగా లెక్కిస్తారు. నిప్పొన్ అన్న దేశం పేరులో మనకు రెండు గురువులు, వాళ్లకు నాలుగు హకులు. దారులు వేరు, లెక్క ఒకటి. ఇంగ్లిష్‌వాళ్లు లెక్కపెట్టుకునే సిలబుల్ కొలతలో నిప్పొన్‌కు వచ్చేది రెండే, నగసకికి వచ్చేది నాలుగు. జపాన్ చెవికి ఆ రెండు పేర్లదీ ఒకే నిడివి. 5, 7, 5గా నడిచే హైకూ కూడా ఈ మాత్రల లెక్కే.

ఒక్క చోట మాత్రం మన ఛందస్సు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ‘జపాన్ మునుగుతుంది’ అన్న అర్థం వచ్చే పేరుతో 1973లో పెద్ద సంచలనం రేపిన నవల రాసిన రచయిత కొమత్సు సక్యో. క్యోతొ నగరంలో ఒక వార్డు పేరు కూడా సక్యోనే. మన లెక్కన ‘క్యో’ సంయుక్తాక్షరం కాబట్టి ముందున్న ‘స’ గురువైపోతుంది. నోటితోనూ మనం వాక్యాన్ని ‘వాక్క్యం’ అన్నట్టు ‘సక్క్యో’ అనేస్తాం. జపనీస్‌లో యవత్తుకు ఆ బలం లేదు. స ఒకటి, క్యో రెండు, మూడే మాత్రలు. ఇంగ్లిష్‌వాళ్ల ఇబ్బంది దీనికి తిరగబడి ఉంటుంది. వాళ్లకు క్యో, ర్యో ఒక్క పట్టున పలకవు. విడదీసి ‘టో-కి-యో’ అంటారు, ర్యోమ అనే పేరును ‘రి-యో-మ’ అంటారు. గోదావరి జిల్లాల్లో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉన్న ర్యాలి పేరు పలకగలిగిన వాళ్లెవరికైనా ర్యోమ అనడం కష్టం కాదు.

దీర్ఘాలను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఒక ప్రసిద్ధమైన పేరులోనే చూడొచ్చు. బీటిల్స్ జాన్ లెనన్ భార్యను లోకమంతా ‘యోకో ఓనో’ అంటుంది. ఆమె పేరు యోకొ, ఇంటిపేరు ఒనొ. ఒనొ అంటే చిన్న పొలం అన్న అర్థమిచ్చే అక్షరాలు. మొదటి అచ్చును సాగదీసి ఓనొ అంటే అది వేరే ఇంటిపేరు, పెద్ద పొలం. రెండూ జపాన్‌లో బాగా వాడుకలో ఉన్నవే. ఇంగ్లిష్ రాతలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మో నానమ్మో. యుకి అంటే మంచు, యూకి అంటే ధైర్యం. రెండూ మనుషుల పేర్లే. మనకు ‘పలక’కూ ‘పాలక’కూ ఎంత తేడానో వాళ్లకూ అంతే. మనం ఉచ్చారణ దోషం అని చిన్నగా తీసిపారేసేది అక్కడ మరో మనిషిని పిలిచినట్టు.

ఆ దీర్ఘం గుర్తులు రాతలో ఎందుకు లేవు? ఉన్నాయి, రాలిపోయాయి. జేమ్స్ కర్టిస్ హెప్బర్న్ అనే అమెరికన్ వైద్యుడు క్రైస్తవ మిషనరీగా 1859లో జపాన్ వెళ్లి, 1867లో జపనీస్-ఇంగ్లిష్ నిఘంటువు అచ్చు వేశాడు. 1886లో వచ్చిన మూడో ముద్రణలో వాడిన రాత పద్ధతే ఆయన పేరు మీద స్థిరపడింది. అచ్చులు ఇటాలియన్‌లో పలికినట్టు, హల్లులు ఇంగ్లిష్‌లో పలికినట్టు అన్నది దాని మూలసూత్రం. దీర్ఘానికి అచ్చు మీద చిన్న అడ్డగీత. టైపురైటర్లలో ఆ గీత ఉండదు, పత్రికలు వేయవు, పాస్‌పోర్టులో రాదు. గీత పోతే దీర్ఘం పోయినట్టే. కొందరు దానికి బదులు హెచ్ అక్షరం తగిలించుకుంటారు. 868 హోమ్‌రన్లు కొట్టిన బేస్‌బాల్ ఆటగాడు ఓ సదహరు ఇంటిపేరు ఒకే ఒక్క దీర్ఘాచ్చు ఓ, దాని వెనక హెచ్. ఇప్పుడు అమెరికాలో ఆడుతున్న ఓతని షోహే చొక్కా వీపు మీద కూడా ఆ హెచ్ కనబడుతుంది. అది పలకడానికి కాదు, ముందున్న ఓకారాన్ని సాగదీయమని చెప్పడానికి.

హెప్బర్న్ గురించి నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. జపాన్ జనం ఆయన్ను హెబొన్ అన్నారు. ఆ రాత పద్ధతిని ఇప్పటికీ హెబొన్ పద్ధతి అనే అంటారు. తర్వాతి కాలంలో అదే ఇంటిపేరున్న సినిమా నటి ఆడ్రీ వచ్చేసరికి ఆమె ‘హెప్పుబాన్’ అయింది. మొదటిది చెవితో విని పట్టుకున్న పేరు, రెండోది స్పెల్లింగు చూసి కట్టిన పేరు. ఇంగ్లిష్‌వాళ్లు ఆ పేరు పలుకుతుంటే వినండి, హెబొన్ ఎంత దగ్గరో తెలుస్తుంది. పేర్ల విషయంలో కన్ను కంటే చెవిని నమ్మాలనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు కనబడలేదు.

కంటిని నమ్మి చెడిన పేరు మన వీధుల్లోనే తిరుగుతోంది. టయోటా. జపనీస్‌లో అది తొయొత, మూడు లఘువులు. ఇంగ్లిష్‌వాళ్లు నడిమి అక్షరం నొక్కారు, అది ‘యో’ అయింది. మొదటి అచ్చు నలిగింది, మన చెవికి ‘ట’లాగా వినబడింది. చివరిదాన్ని మనం సాగదీశాం. వీటన్నిటి మీద త పోయి ట వచ్చింది. జపనీస్ త, ద పలికేటప్పుడు నాలుక పళ్ల దగ్గర తగులుతుంది, మన త, దల్లాగే. ఇంగ్లిష్‌లో కాస్త వెనక్కి తగులుతుంది కాబట్టి మనం దాన్ని ట, డగా పట్టుకుంటాం. అందుకే హొంద మనకు హోండా అయింది. టయోటా కంపెనీ స్థాపకుల ఇంటిపేరు తొయొద. 1936లో గుర్తు కోసం పోటీ పెట్టినప్పుడు ద కాస్తా త అయింది. జపాన్ లిపిలో తొయొత రాయడానికి ఎనిమిది గీతలు చాలు, ఎనిమిది అక్కడ శుభసంఖ్య.

ఇక హల్లుల్లో మన భాష దగ్గర ఉన్న సంపద చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లను బాగా తిప్పలు పెట్టే శబ్దం త్సు. మాట మొదట్లో వాళ్లకది రాదు, త వదిలేసి ‘సునామి’ అంటారు. మనమూ అదే పట్టుకున్నాం. ఇప్పుడు ‘చుక్క’ అని అనండి. చదివినట్టు కాదు, ఇంట్లో అన్నట్టు. ‘చిలక’లోని చ వేరు, ‘చుక్క’లోని చ వేరు. రెండోదానికి నాలుక కొన పళ్ల వెనక్కి చేరుతుంది. పాత పుస్తకాల్లో దానికి నెత్తిన గుర్తు పెట్టి ౘ అని రాసేవాళ్లు. బ్రౌన్ నిఘంటువులోనూ ఆ తేడా చూపించారు. సునామి మొదటి శబ్దం అదే, ౘునమి. రచయిత సోసెకి ఇంటిపేరు నౘుమె. ఇంకా విశేషం ఏమిటంటే జపనీస్‌లో త గుణింతమే త, చి, ౘు, తె, తొ అని నడుస్తుంది. ఇకారం వస్తే తాలవ్యం, ఉకారం వస్తే దంత్యం. మన అచ్చతెలుగు మాటల్లో చకారం నడిచే తీరు కూడా ఇదే. జకారానిదీ ఇదే కథ: ‘జొన్న’లో జ పలికినట్టు పలికితే షింౙో అనే పేరు చక్కగా వస్తుంది.

అందులోనే సున్న కూడా ఉంది. ‘కంప’లో సున్న మకారం, ‘కంత’లో నకారం, ‘కంక’లో ఙకారం. రాసేది ఒకటే, వెనక వచ్చే హల్లును బట్టి పలుకు మారుతుంది. జపాన్ లిపిలో ఒకే అక్షరం అచ్చంగా ఈ పని చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో దాన్ని ఎన్‌గా రాయాలా ఎమ్‌గా రాయాలా అని వాళ్లకు తేలలేదు. తోక్యోలోని ఒక రైల్వే స్టేషన్ బోర్డు మీద షింబషి ఎమ్‌తో కనిపిస్తుంది, ఇతర చోట్ల ఎన్‌తో రాస్తారు. మనకు ఆ గొడవ లేదు. ఆ సున్న తర్వాత అచ్చు వస్తే మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 2001 నుంచి 2006 దాకా ప్రధానిగా ఉన్న కొఇౙుమి గారి పేరును ఇంగ్లిష్‌వాళ్లు ‘జూ-ని-చీ-రో’ అంటారు. అది జున్, ఇచి, రో. నకారం ముందు అక్షరానిది, ఇకారంతో అంటించకూడదు.

గొంతు మీద వేలు ఆనించి చేసి చూడాల్సిన సంగతి ఇంకొకటుంది. దైసుకె అన్న పేరు జపాన్ మనిషి పలుకుతుంటే మనకు ‘దైస్కె’ అని వినిపిస్తుంది. యమషిత ‘యమష్త’లా, పానసోనిక్‌గా పేరు మారిన పాత కంపెనీ స్థాపకుడి ఇంటిపేరు మౘుషిత ‘మౘుష్త’లా ఉంటాయి. స, ష, క, త వంటి శ్వాసాల నడుమ చిక్కిన ఇకార ఉకారాలు గుసగుసగా మారతాయి. పెదవులు ఆ అచ్చుకు సిద్ధమవుతాయి గానీ గొంతు మోగదు, వేలికి అదురు తగలదు. మనం ‘అడిగితే’ను ‘అడిగ్తే’ అంటాం కదా, అలాంటిదే అనిపిస్తుంది. కానీ మనం అచ్చుతో పాటు దాని కాలాన్నీ మింగేస్తాం. వాళ్లు కాలాన్ని ఉంచుతారు. సకారం ఒక మాత్ర సేపు సాగుతుంది. ఇంగ్లిష్‌వాళ్ల అలవాటు ఇక్కడ సరిగ్గా ఎదురు తిరుగుతుంది. చివరి నుంచి రెండో అక్షరాన్ని నొక్కాలన్న ఊపులో ‘డై-సూ-కీ’, ‘యామ-షీ-ట’ అంటారు. జపనీస్ గుసగుసలాడే అచ్చు మీదనే వాళ్లు బరువంతా మోపుతారు. చివరి ఎకారం ఈకారం కావడం వాళ్ల మరో అలవాటు. కోబె నగరం పేరు మీద వచ్చిన మాంసాన్ని మెనూలో చూసి కొడుక్కి పెట్టుకున్న పేరు ‘కోబీ’ అయింది. బాస్కెట్‌బాల్ లోకం బ్రయంట్‌ను అలాగే గుర్తుపెట్టుకుంది.

ఇంత సంపద ఉన్నా మనం జారిపడే చోటు ఒకటి ఉంది, దాన్ని దాచుకోవడం నాకు ఇష్టం లేదు. తెలుగుకు రెండు అచ్చులు పక్కపక్కన ఉంటే తోచదు. మా అమ్మ ‘మాయమ్మ’ అవుతుంది. ఎండ ‘యెండ’, ఒళ్లు ‘వొళ్లు’ అవుతాయి. సంధి అయినా చేస్తాం, నడుమ యకారమో వకారమో అయినా దూర్చుతాం. జపాన్ పేర్లలో అచ్చులు వరసగా కూర్చుంటాయి. బాక్సింగ్ చాంపియన్ ఇనొఉఎ నఒయ పేరు చూడండి: ఇ, నొ, ఉ, ఎ, నాలుగు మాత్రలు. ఇంగ్లిష్‌వాళ్లు ‘ఇనూవే’ అని రెండు అచ్చులను కలిపేస్తారు, మనం ‘ఇనోవుయే’ అంటాం. ఉఎనొ అనే పేరు మన నోట ‘వుయేనో’ అయిపోతుంది. ఇలాంటి పేరు కనబడినప్పుడు నేను చేసే పని, ఒక్కో అచ్చుకు ఒక్కో వేలు మడుస్తూ నెమ్మదిగా నాలుగైదుసార్లు అనుకోవడం. పెదవులు ముందుకు చాచకుండా ఉ అంటే వకారం చొరబడదు. జపనీస్ ఉకారానికి పెదవులు గుండ్రంగా చాచరు కూడా.

స్థాయి గురించి కొద్దిగా చెప్పాలి. జపనీస్‌లో నొక్కు లేదు గానీ స్వరం ఎత్తు పల్లాలు ఉన్నాయి. తోక్యోవాళ్లు హషి అన్న మాటలో మొదటి అక్షరం ఎత్తితే అన్నం తినే పుల్లలు, రెండోది ఎత్తితే వంతెన. క్యోతొకు వెళ్తే అది తారుమారు. దేశంలోనే ఊరికో తీరు ఉన్నప్పుడు పరాయివాళ్లకు అది రాకపోయినా ఎవరూ తప్పుపట్టరు. మాత్రలు తప్పితే మాత్రం పేరే మారిపోతుంది.

పేరు ముందు, ఇంటిపేరు వెనక అన్నది కూడా ఇంగ్లిష్ మీదుగా వచ్చిన అలవాటే. జపాన్‌లో మనలాగే ఇంటిపేరు ముందు. ప్రధాని పేరును అబె షింౙో అనే రాయండని 2019 మేలో అప్పటి విదేశాంగ మంత్రి కోనొ తరో విదేశీ పత్రికలను కోరారు. 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఇంగ్లిష్ పత్రాల్లోనూ ఆ వరసే పాటిస్తున్నారు. అమెరికాలో అప్లికేషన్ నింపుతూ ఏ గడిలో ఇంటిపేరు రాయాలా అని ఆగిపోయిన తెలుగువాళ్లకు ఆయన మాటలోని బాధ వేరే వివరించనక్కరలేదు. ఇంటిపేరు చివర ‘సన్’ చేర్చండి, మన ‘గారు’ లాంటిదే. అదీ హ్రస్వమే, ‘సాన్’ కాదు. మన పేరుకు మనం గారు తగిలించుకోనట్టే తన పేరు చివర సన్ ఎవరూ పెట్టుకోరు.

ఎలా పలకాలో తెలియకపోతే అడగొచ్చు. జపాన్‌వాళ్లే ఒకరినొకరు అడుగుతారు. పేర్లు రాసే చైనా అక్షరాలకు ఒకటికి మించి చదువులు ఉంటాయి. ఒకే జత అక్షరాలను ఒకామె యూకొ అని చదువుకుంటే మరొకామె హిరొకొ అని చదువుకుంటుంది. అందుకే అక్కడి దరఖాస్తుల్లో పేరు పైన ఉచ్చారణ రాయడానికి వేరే గడి ఉంటుంది.

వాళ్లు మన పేరును ఎలా పలికారో చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది. 2017లో బాహుబలి జపాన్‌లో విడుదలైన తర్వాత అభిమానులు గట్టిగా కేకలు వేస్తూ చూసే ప్రత్యేక ఆటలు వేశారు. వాళ్లకు లకారం లేదు, హు అన్నా ఫు అన్నా ఒకటే అక్షరం. పోస్టరు మీద బాఫుబరి అని రాశారు. హల్లులు రెండు మారాయి. వేళ్లు మడిచి లెక్కపెట్టండి: బ, అ, ఫు, బ, రి. ఐదు. మన బాహుబలికి ఒక గురువు, మూడు లఘువులు. ఐదే.